వగైరా వీరులు

చచ్చినవాడి కళ్లు చారడేసి అని సామెత. ఆ సామెత కట్టిన మహానుభావుడు బ్రిటిష్ చక్రవర్తిగారి పటాలంలో సిపాయిగా చచ్చి ఉండడు. చచ్చి ఉంటే తెలిసొచ్చేది. కళ్ల మాట దేవుడెరుగు, అక్కడ చచ్చినవాడికి పేరే మిగలదు. అంకె మిగులుతుంది.

బస్రా స్మారకం సంగతే చూడండి. మొదటి ప్రపంచయుద్ధంలో మెసపొటేమియాలో, అంటే ఇవాళ్టి ఇరాక్‌లో, ప్రాణాలు పోయి సమాధి కూడా దక్కని నలభై వేల మందికి పైగా సైనికుల కోసం 1929లో దాన్ని ఆవిష్కరించారు. తెల్లవాళ్లలో పెద్ద అధికారి నుంచి మామూలు సోల్జరు దాకా ఒక్కొక్కరి పేరూ రాతి మీదకెక్కింది. మనవాళ్లలో సుబేదారు, జమేదారు దాకా పేర్లు చెక్కారు. అక్కడికి ఉలి అలిసిపోయింది. హవల్దారు, నాయకు, సిపాయి దగ్గరికొచ్చేసరికి పటాలం పేరు వేసి, పక్కన ‘ఇంతమంది’ అని ఒక సంఖ్య వేసి చేతులు దులుపుకున్నారు. అలా సంఖ్యలో కలిసిపోయినవాళ్లు ముప్పై వేలకు పైమాటే. అంటే ఆ స్మారకంలో ముప్పాతిక వంతు వగైరా.

దొరల పొదుపుని మాత్రం మెచ్చుకోవాలి. రాయి ఖరీదు, చెక్కేవాడి కూలి, తప్పు పడితే మళ్లీ దిద్దించే బెడద. రామస్వామి, రహమతుల్లా, ఏసుదాసు, గురుబచన్ సింగ్ అన్న పేర్లకి ఇంగ్లీషులో అక్షరాలు కూర్చుకుంటూ ఎవడు కూర్చుంటాడు? అదే అంకె అయితే కులం లేదు, మతం లేదు, ప్రాంతం లేదు. హిందువునీ ముసల్మానునీ క్రైస్తవుణ్నీ సిక్కునీ ఒకే సున్నాలో కూర్చోబెట్టిన ఘనత ఆ స్మారకానిదే. ఇంతకు మించిన జాతీయ సమైక్యత ఎక్కడుంది?

దాని కథ అక్కడితో అయిపోలేదు. మొదట అది బస్రా దగ్గర నౌకాదళం రేవులో ఉండేది. 1997లో సద్దాం హుస్సేన్ హుకుం జారీ చేస్తే ఆ రాళ్లన్నీ విప్పి, నాసిరియా వెళ్లే రోడ్డులో 32 కిలోమీటర్ల అవతలికి మోసుకెళ్లి మళ్లీ నిలబెట్టారు. సర్కారు కొలువులో చేరిన పాపానికి చచ్చిన ఎనభై ఏళ్లకి కూడా బదిలీ తప్పలేదు. టీయే, డీయే ఊసు లేదు.

ఇదంతా ఎవరో తిక్క ఇంజనీరు చేసిన నిర్వాకం అనుకునేరు. కాదు. 1917 మేలో రాజముద్ర వేసి మరీ సామ్రాజ్య యుద్ధ సమాధుల కమిషన్ అని ఒకటి పెట్టారు. హోదా తేడా, జాతి తేడా, మతం తేడా లేకుండా చనిపోయిన ప్రతి సైనికుడికీ ఒకే గౌరవం అన్నది దాని మూలసూత్రం. చదివితే కళ్లు చెమర్చే సూత్రం. యూరప్‌లో దాన్ని చాలావరకూ నిలబెట్టుకున్నారు కూడా, దాపరికం దేనికి? ఫ్రాన్స్‌లో నవ్‌షపెల్ అనే పల్లె దగ్గర 1915 మార్చి 10 నుంచి 13 దాకా జరిగిన పోరులో దాడి చేసిన సేనలో సగం మనవాళ్లు. అక్కడ 1927లో కట్టిన స్మారకం చూడముచ్చటగా ఉంటుంది. సాంచీ స్తూపం చుట్టూ ఉన్నట్టు రాతి ప్రాకారం, అశోకుడి స్తంభాన్ని తలపించే కంబం, దాని మీద కమలం, ఆ పైన బ్రిటిష్ కిరీటం, కాపలాకి రెండు పులులు. గోడల మీద 4,700 మందికి పైగా పేర్లు. ఆవిష్కరణకి మార్షల్ ఫోష్ అంతటివాడు వచ్చాడు.

ఇంగ్లండులో బ్రైటన్ ఊరి పైన గుట్టల మీద ఛత్రి అని ఇంకోటుంది. గాయపడి అక్కడి ఆసుపత్రుల్లో చనిపోయిన 53 మంది హిందూ, సిక్కు సైనికుల్ని అక్కడ దహనం చేశారు. ఆ చోట పాలరాతి గొడుగు లేపి, 1921 ఫిబ్రవరిలో యువరాజు చేత తెర తీయించారు. బాగుంది. ఆ 53 మంది పేర్లు పక్కనే రాతి మీదకి ఎప్పుడొచ్చాయో తెలుసా? 2010లో. గొడుగు పట్టిన 89 ఏళ్లకి గానీ ఆ గొడుగు కింద ఎవరున్నారో అడగాలని తోచలేదు.

అదీ ఇంగ్లండు కాబట్టి తోచింది. ఆ కమిషన్ సమానత్వానికి ఒక జబ్బుంది, దానికి సముద్రం పడదు. ఫ్రాన్స్ దాకా బాగానే నడుస్తుంది. సూయజ్ కాలువ దాటి ఓడెక్కిందా, వాంతులే. పూలు పట్టుకుని జనం వచ్చే చోట పేర్లు, ఎడారిలో అంకెలు, ఆఫ్రికా అడవుల్లో అంకెలు కూడా లేవు.

ఎందుకు లేవంటే దానికీ శాస్త్రీయమైన కారణం ఉంది. 1923లో గోల్డ్ కోస్టు, అంటే ఇవాళ్టి ఘనా, గవర్నరు గగ్గిస్‌బర్గ్ దొర ఒక అభిప్రాయం సెలవిచ్చాడు. ఇక్కడి మామూలు నేటివుకి సమాధిరాయి అంటే అర్థం కాదట, పెట్టినా దాని విలువ తెలుసుకోలేడట. కమిషన్ అధికారి ఆర్థర్ బ్రౌన్ ఆయనకన్నా రెండాకులు ఎక్కువ చదివినవాడు. ఇంకో రెండు మూడు వందల ఏళ్లకి వీళ్ల నాగరికత పెరిగితే, తమవాళ్లకీ తెల్లవాళ్లతో సమానంగా రాళ్లు పాతారని చూసి అప్పుడు సంతోషిస్తారేమో అని జవాబు రాశాడు. ఈ మాటలు ఆఫ్రికావాళ్ల గురించి కదా, మనకెందుకు అనుకోకండి. బస్రాలో మనకి కొలిచిందీ ఆ కుంచంతోనే.

ఆ లెక్కన 2123కీ 2223కీ మధ్య ఎప్పుడో నల్లవాళ్లకీ గోధుమరంగు వాళ్లకీ నాగరికత రావాలి. మనవాళ్లు ఆగలేక గడువుకి వందేళ్ల ముందే నాగరికులైపోయి లండన్‌లో కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టారు. దాంతో కమిషన్ ప్రత్యేక కమిటీ వేసుకుని 2021 ఏప్రిల్‌లో నివేదిక అచ్చేసింది. మొదటి యుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా సైనికుల్లో 45,000 నుంచి 54,000 మందికి గౌరవంలో వివక్ష జరిగిందన్నది ఒక లెక్క. ఇంకో 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో గుర్తింపు లేదు, కొందరికి ఏ రకంగానూ లేదు అన్నది రెండో లెక్క.

ఈ రెండో లెక్కని ఒకసారి నిదానంగా చదవండి. లక్షా పదహారు వేలో, మూడున్నర లక్షలో. మధ్యలో రెండు లక్షల ముప్పై నాలుగు వేల మంది ఉన్నారో లేరో, చచ్చారో లేదో తెలీదు. వీళ్లలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా నుంచీ ఈజిప్టు నుంచీ మూటలు మోయడానికి తోలుకెళ్లినవాళ్లు. సిపాయి వగైరా అయితే, ఆ సిపాయి తూటాపెట్టె మోసినవాడు వగైరాకి వగైరా. తూటాపెట్టెలకి మాత్రం లెక్క ఉండే ఉంటుంది. దానికి స్టోర్ కీపరు సంతకం పెట్టాలి కదా.

బ్రిటిష్ రక్షణమంత్రి పార్లమెంటులో లేచి క్షమాపణ చెప్పాడు. సభ్యులు గంభీరంగా విన్నారు. బతికుంటే ఆ క్షమాపణ విని తలాడించాల్సినవాళ్లకి అప్పటికి నూట పాతికేళ్ల వయసుండేది.

ఆ కమిషన్‌కి సాహిత్య సలహాదారు రడ్యార్డ్ కిప్లింగ్. ఆయన ఒక్కగానొక్క కొడుకు జాన్ 1915లో లూస్ యుద్ధంలో కనపడకుండా పోయాడు. తండ్రి వెతకని ఆసుపత్రి లేదు, అడగని సైనికుడు లేడు. 1936లో తాను పోయేదాకా కొడుకు సమాధి ఎక్కడుందో ఆయనకి తెలియలేదు. పేరు విలువ, రాయి విలువ ఆ సామ్రాజ్యంలో ఒక్కరికి తెలియాలంటే ఆయనకి తెలియాలి. నైరోబీలో ఆఫ్రికన్ సైనికులకీ మోతగాళ్లకీ నిలబెట్టిన కంచు విగ్రహాల కింద రాయడానికి వాక్యం రాసిచ్చింది ఆయనే. నీ దేశం కోసం పోరాడితే, నువ్వు చచ్చినా నీ కొడుకులు నీ పేరు గుర్తుపెట్టుకుంటారు అని దాని భావం. ఆ విగ్రహాల చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేసినా ఒక్క పేరు కనపడదు. కొడుకులు గుర్తుపెట్టుకుంటారని హామీ ఉన్నాక మళ్లీ చెక్కించడం దండగ కదా!

పేర్లు గుర్తుపెట్టుకోవడం సామ్రాజ్యానికి చేతకాదని నేననడం లేదు. కుక్క పేరు గుర్తుపెట్టుకుంది. ఆ కుక్క పేరు స్పాట్.

1915 డిసెంబరు 7న టైగ్రిస్ నది ఒంపులో ఉన్న కుట్ పట్నాన్ని టర్కీ సైన్యం చుట్టేసింది. లోపల ఇరుక్కున్నది మేజర్ జనరల్ చార్లెస్ టౌన్షెండ్, ఆయన సేన, ఆయన కుక్క. సేనలో అత్యధికులు మనవాళ్లు. ముట్టడి 147 రోజులు సాగింది. తిండిగింజలు అడుగంటాయి. గుర్రాలని కోశారు. మనవాళ్లలో చాలామంది గుర్రం మాంసం ముట్టబోమన్నారు. ముట్టుకున్నాక తిరిగి ఊరెళ్తే పంక్తిలో విస్తరి వేస్తారా, పిల్లనిస్తారా అన్నది వాళ్ల భయం. పచ్చి ఆకుకూర కంటపడక చిగుళ్లు కుళ్లి, కాళ్లు ఈడ్చుకుంటూ కాపలా కాశారు. వాళ్లు ఇంత నరకం పడితే, యుద్ధం అయ్యాక జనరల్ గారు తీరిగ్గా పుస్తకం రాసుకుని, అందులో సిపాయిల మీద నింద వేశాడు. బయటనుంచి విడిపించడానికి వచ్చిన సేనలో ఇరవై వేల మందికి పైగా చచ్చో, గాయపడో పోయారు. ఆఖరికి టర్కీవాళ్లకి పది లక్షల పౌన్లు, కాదంటే ఇరవై లక్షల పౌన్లు ఇస్తాం, వదిలేయండని బేరం పెట్టారు. వాళ్లు నవ్వి ఊరుకున్నారు. 1916 ఏప్రిల్ 29న కుట్ లొంగిపోయింది. దాదాపు పదమూడు వేల మంది బందీలయ్యారు.

అక్కడి నుంచి ముగ్గురూ మూడు దారుల్లో వెళ్లారు.

జనరల్ గారిని రాజబందీగా ఇస్తాంబుల్ తీసుకెళ్లి, పక్కనున్న దీవిలో సముద్రం కనపడే బంగళాలో పెట్టారు. బందీగా ఉండగానే లండన్ నుంచి ‘సర్’ బిరుదు వచ్చింది. యుద్ధం అయ్యాక 1920లో ఎన్నికల్లో నిలబడి పార్లమెంటు సభ్యుడు కూడా అయ్యాడు.

కుక్క విషయంలో జనరల్ గారు టర్కీ సేనాని ఖలీల్ పాషాకి ప్రత్యేకంగా విన్నవించుకున్నాడు. పాషా మర్యాదస్తుడు. స్పాట్‌ని బ్రిటిష్‌వాళ్లకి అప్పగించే ఏర్పాటు చేశాడు. అది క్షేమంగా ఇల్లు చేరింది.

సిపాయికి బంగళా లేదు, విన్నపం చేసే దొర లేడు. ఎడారి మీదుగా వందల మైళ్లు నడిపించారు. బూట్లు ఊడినవాడు ఊడినట్టు, పడినవాడు పడినట్టు. మిగిలినవాళ్లని రాస్ అల్ ఐన్ దగ్గర బాగ్దాద్ రైలు కట్ట పనికి తోలారు. బందీలుగా పోయినవాళ్లలో వేలమంది వెనక్కి రాలేదు. వాళ్లు వెళ్లి బస్రా రాయి మీద ఆ ‘ఇంతమంది’లో కలిశారు. స్పాట్ పేరు మాత్రం ఇవాళ్టికీ చరిత్ర పుస్తకాల్లో ఉంది. జంతుప్రేమికుడిగా నాకు సంతోషమే.

ఇక మన దక్షిణాది ఘనత చూద్దాం. 1914 నవంబరులో జర్మన్ల చేతిలో ఉన్న తూర్పు ఆఫ్రికా రేవు టాంగా మీదకి బొంబాయి నుంచి ఎనిమిది వేల మందిని ఓడల్లో పంపారు. అందులో మద్రాసు పటాలాలూ ఉన్నాయి. అవతల జర్మన్ కమాండర్ లెట్టో ఫోర్‌బెక్ దగ్గర ఉన్నది వెయ్యిమంది చిల్లర. మనవాళ్లని వారాల తరబడి ఓడల అడుగున కుక్కి, కక్కించి, కాళ్లు ఆననివ్వకుండా తీసుకొచ్చి నేరుగా పొదల్లోకి తోలారు. నడిమధ్య తేనెటీగలు లేచి రెండు పక్షాల్నీ కుట్టిపారేశాయి. నవంబరు 5కల్లా తుపాకులూ లక్షల తూటాలూ ఒడ్డున వదిలేసి ఓడలెక్కి పారిపోవాల్సొచ్చింది. పథకం వేసింది ఎవరు? జనరల్ ఐట్కిన్. పిరికిపందలన్న మాట ఎవరికొచ్చింది? మద్రాసు సిపాయికి. తేనెటీగలకి జర్మన్లు తర్ఫీదిచ్చారని కూడా పుకారు పుట్టించారు. తేనెటీగకి శత్రుసైనికుడి హోదా ఇచ్చారు గానీ, మన సిపాయికి మనిషి హోదా ఇవ్వలేదు.

మద్రాసీలంటే అంత చులకన దేనికి? అదీ తెలుసుకోవాలి. కుంపిణీకి ఈ దేశంలో మొదట రాజ్యం సంపాదించి పెట్టింది దక్షిణాది సిపాయిలు, అందులో మన తెలుగువాళ్లు. ఉత్తరాదిన కుంపిణీ సిపాయిని చూసి తిలంగా అనే పిలిచేవాళ్లు. రాజ్యం స్థిరపడ్డాక 1880లలో మద్రాసు సేనాధిపతిగా వచ్చిన లార్డ్ రాబర్ట్స్‌కి దక్షిణాదివాళ్ల రక్తంలో వీరం ఇంకిపోయిందని అనిపించింది. వీరజాతుల పట్టిక ఒకటి తయారైంది. అందులో మనకి చోటు లేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. తీరా మహాయుద్ధం వచ్చి పంజాబు పల్లెల్లో మగవాళ్లు చాలకపోయేసరికి మళ్లీ మద్రాసు గుర్తొచ్చింది. కొత్తగా పట్టికలు దిద్దారు. ఇంకిపోయిన రక్తంలో రాత్రికి రాత్రి ఊట పడింది. జీతం నెలకి పదకొండు రూపాయలు.

పదకొండు రూపాయలకి వెళ్లినవాడిది పొట్టకూటి కథ. పంపినవాళ్ల కథ వేరు. మన హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో 110వ విమానదళానికి విమానాలు అమరాయి. ఆ దళం పేరులోనే హైదరాబాద్ చేరింది. 1918లో నిజాంగారు హైనెస్ నుంచి ఎగ్జాల్టెడ్ హైనెస్ అయ్యారు. సొమ్మొకడిది, సోకొకడిది. విమానానికి ఊరి పేరు దక్కింది, రాజుకి బిరుదు దక్కింది. ఢిల్లీ ఖజానా ఇంకో అడుగు ముందుకేసి 1917లో పది కోట్ల పౌన్లు యుద్ధానికి కానుకగా సమర్పించుకుంది. కానుక ఇచ్చింది ఎవరో పుచ్చుకుంది ఎవరో చూస్తే రెండు చేతులూ ఒకరివే. కట్టింది మాత్రం మనం.

గాంధీగారిని వదిలేశానని ఎవరూ అనుకోకూడదు. 1918లో ఆయన గుజరాత్ ఖేడా జిల్లాలో ఊరికి ఇరవై మంది చొప్పున సైన్యంలో చేరండని కాలినడకన తిరిగారు. సామ్రాజ్యానికి ఆపదలో సాయపడితే స్వరాజ్యం దగ్గరవుతుందని ఆయన లెక్క. అంతకు కొద్ది నెలల ముందు శిస్తు కట్టొద్దన్నప్పుడు ఊరికే బండ్లు కట్టి తిప్పిన రైతులు, ఇప్పుడు అద్దెకి కూడా బండి ఇవ్వలేదని ఆయనే రాసుకున్నారు. రైతులకి ఆయనకన్నా ముందే సంగతి అర్థమైంది. సాయానికి ప్రతిఫలంగా 1919 మార్చిలో రౌలట్ చట్టం వచ్చింది. ఏప్రిల్ 13న, అందరికన్నా ఎక్కువమంది సైనికుల్ని ఇచ్చిన పంజాబులోనే, జలియన్‌వాలాబాగ్ జరిగింది.

దొరల్ని తిట్టడం సులువు. వాళ్లు వెళ్లిపోయి డెబ్భై ఏళ్లు దాటింది, తిరిగి తిట్టరు. మన సంగతేమిటి?

ఆ యుద్ధానికి పదమూడు లక్షల మందికి పైగా వెళ్లారు. డెబ్భై నాలుగు వేల మంది పోయారు. ఢిల్లీలో 1931లో తెరిచిన ఇండియా గేటు మీద పదమూడు వేల పేర్లు చెక్కి ఉన్నాయి. నిజానికి అది పేర్లున్న స్మారకం. కానీ ఆ పేర్లు చదవాలంటే తలెత్తాలి, తలెత్తితే చేతిలో ఐస్‌క్రీమ్ కారిపోతుంది. అక్కడ 1972లో బంగ్లాదేశ్ యుద్ధవీరుల కోసం వెలిగించిన జ్యోతిని 2022 జనవరిలో పక్కనే కట్టిన జాతీయ యుద్ధ స్మారకంలో కలిపారు. కొత్త స్మారకం మీద స్వతంత్ర భారత సైనికుల పేర్లు ఒక్కొక్కటిగా చెక్కారు, అది మంచి పని, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు ప్రభుత్వ వర్గాలు చెప్పిన కారణం వినండి. ఇండియా గేటు మీదున్నవి తెల్లవాళ్ల కోసం పోరాడినవాళ్ల పేర్లు, అది వలసపాలన గుర్తు అట.

సరే. మరి 2017 జులైలో ప్రధానమంత్రి ఇజ్రాయెల్ వెళ్లి హైఫాలో భారత సైనికుల సమాధుల దగ్గర పుష్పగుచ్ఛం ఉంచారు కదా? 2018 జనవరిలో ఢిల్లీ తీన్‌మూర్తి కూడలికి హైఫా పేరు కలిపారు కదా? 1918 సెప్టెంబరు 23న హైఫాని పట్టుకున్న జోధ్‌పూర్, మైసూరు గుర్రపుదళాలు ఏ చక్రవర్తి తరఫున పోరాడాయి? తీన్‌మూర్తిలో నిలబడ్డ మూడు సైనికుల విగ్రహాల్లో మూడోది మన హైదరాబాదు దళానిది, అది కూడా అదే బ్రిగేడు. అదే యుద్ధం, అదే కిరీటం, అదే జెండా. ఇజ్రాయెల్ ప్రధాని పక్కన నిలబడితే ఆ సిపాయి వీరుడు. ఇండియా గేటు మీద నిలబడితే వలసపాలన గుర్తు. చచ్చిన నూరేళ్లకి కూడా వాడి దేశభక్తి ఫొటోలో పక్కన ఎవరున్నారన్న దాన్నిబట్టి మారుతూనే ఉంది.

అంతకు ముందు పాలించినవాళ్లు ఇంతకన్నా ఉద్ధరించిందీ లేదు. వాళ్లకి ఈ సిపాయి ఇబ్బందికరమైన బంధువు. స్వాతంత్ర్య పోరాటం కథలో ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక వీధి అరుగు మీదే వదిలేశారు. పొట్టకోసం తెల్లవాడి దగ్గర తుపాకీ పట్టినవాణ్ని వీరుడంటే సిద్ధాంతం ఒప్పుకోదు, ద్రోహి అంటే ఊళ్లో ఓట్లు పోతాయి. మాట్లాడకపోతే రెండూ దక్కుతాయి.

మన ఊళ్లలో సభలు ఎలా జరుగుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఫ్లెక్సీలో నాయకుడి ముఖం నిలువెత్తు, జవాను ముఖం మూలన తపాలా బిళ్లంత. నాయకుడు రెండు గంటలు ఆలస్యం. కుటుంబ సభ్యులు మూడో వరుసలో, ఎండలో. మైకు పట్టుకున్నాయన ఇరవై మంది స్థానిక నాయకుల పేర్లు, వాళ్ల పదవులు, మాజీ పదవులు పొల్లుపోకుండా చదువుతాడు. సైనికుల దగ్గరికొచ్చేసరికి ‘ఎందరో మహావీరులు’ అంటాడు. బస్రాలో ఉలి అలిసినట్టే ఇక్కడ నోరు అలుస్తుంది.

వేలూరు లాంగ్ బజారులో గడియార స్తంభం ఉంది. చిత్తూరు వాళ్లు సామాన్లకి వెళ్లే ఊరే. ఆ స్తంభానికి ఒక పాలరాతి పలక ఉంది. 1914 నుంచి జరిగిన మహాయుద్ధానికి ఈ ఊరి నుంచి 277 మంది వెళ్లారు, వాళ్లలో 14 మంది ప్రాణాలిచ్చారు అని ఇంగ్లీషులో ఉంటుంది. ఇలాంటి పలకలు దేశమంతా పంచారు. అన్నిట్లోనూ అదే వాక్యం, అంకెలే వేరు. పద్నాలుగంటే పద్నాలుగే పేర్లు. ఆ పలక మీదే, అదే వాక్యం కింద, రెండు వరుసల్లో పట్టేవి. పద్నాలుగు మందికి చోటు చాలక కాదు, అడిగినవాడు లేక. మన ఇళ్లలో తద్దినం పెట్టేటప్పుడు బ్రాహ్మడు మొట్టమొదట అడిగేది పేరూ గోత్రమూ. ‘వీరి ఇంట్లో ఒకరు పోయారు, పిండం పట్టండి’ అంటే లేచి వెళ్లిపోతాడు. ఆ మాత్రం జ్ఞానం రెండు ప్రభుత్వాలకీ వందేళ్లుగా లేకపోయింది.

పేర్లు దొరకవు, కాగితాలు పోయాయి అంటారు. లాహోరు మ్యూజియంలో మూడు లక్షల ఇరవై వేల మంది పంజాబు సైనికుల పేర్లున్న దస్త్రాలు తొంభై ఏడేళ్లు మూలుగుతుంటే, ఇంగ్లండులో స్థిరపడ్డ పంజాబీలు ఒక విశ్వవిద్యాలయాన్ని కలుపుకుని వాటిని బయటికి తీశారు. 2021 నుంచి అక్కడి మనవలు తాత పేరు, ఊరు పేరు వెతుక్కుంటున్నారు. మనకి ఆసఫ్‌జాహీల కాగితాలు తార్నాకలో ఉన్నాయి, మద్రాసు ప్రభుత్వం కాగితాలు ఎగ్మోరులో ఉన్నాయి. పశ్చిమగోదావరిలో మాధవరం ఉంది. ఇంటికొకరు చొప్పున పటాలాలకి పంపి, ‘మిలటరీ మాధవరం’ అనిపించుకుని, పిల్లలకి మేజరు, కల్నలు అని పేర్లు పెట్టుకున్న ఊరు. ఆ ఊళ్లో ఏ అరుగు మీద కూర్చున్నా ఎవరి తాత ఎక్కడికి వెళ్లాడో చెబుతారు. ఇన్ని ఉన్నాక ఇంకేం కావాలి?

గుమాస్తా కావాలి. మంత్రిగారూ, రెండు రాష్ట్రాల్లోనూ మీకు దణ్ణం పెడతాం, దయచేసి ఇంకో విగ్రహం పెట్టొద్దు. క్రేన్లు వద్దు, శంకుస్థాపన వద్దు, పైలాన్ అసలే వద్దు. ఒక గుమాస్తాని ఇవ్వండి. పాత ఇంగ్లీషు, ఉర్దూ చదవగలవాణ్ని, జీతం నెలనెలా ఇచ్చి. దుమ్ము దులిపి, పేరు, ఊరు, పటాలం, పోయిన చోటు రాసుకుంటూ పోతే చాలు. ఆ పనికి కత్తిరించడానికి రిబ్బను ఉండదని తెలుసు. అందుకే ఇన్నేళ్లూ జరగలేదనీ తెలుసు.

మంత్రిగారు వినేలోపు మీరొక పని చేయండి. మీ ఇంట్లో అటక మీద, ముత్తాతల నాటి ఇనప్పెట్టెలో, నాలుగు వేళ్లలో ఇమిడే గుండ్రటి పతకం ఒకటి దొరకొచ్చు. ముందువైపు ఐదో జార్జి తలకాయ, వెనకవైపు గుర్రం మీద దిగంబరుడు, 1914, 1918 అన్న అంకెలు. పటాలంలో చేసినవాడికైతే వెండిది, కూలిదళంలో చేసినవాడికి కంచుది. చావులోనే కాదు, లోహంలోనూ తరగతులున్నాయి. దాన్ని కంసాలి దగ్గరికి తీసుకెళ్లకండి, పాత నాణేల వ్యాపారికి అమ్మకండి. దీపం దగ్గర పెట్టి అంచు చుట్టూ తిప్పుతూ చూడండి. రాజు బొమ్మ ఒకవైపు, గుర్రం ఇంకోవైపు ఆక్రమించుకోగా మిగిలిన ఆ సన్నటి అంచు మీద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో మనవాడి నంబరు, హోదా, పేరు, పటాలం ముద్రించి ఉంటాయి. అవి ఒక కాగితం మీద తెలుగులో రాయండి. ఒక ప్రతి ఇంట్లో ఉంచి, ఒకటి ఊరి బడిలో ఇచ్చి, ఇంకొకటి ఆ సమాధుల కమిషన్‌కి పంపండి. ఇప్పుడు పేర్లు చేర్చుకుంటున్నాం అంటున్నారు. చేర్చుకోమనండి.